ఫ్రెట్లు పీకిన తర్వాత

ఫ్రెట్‌లెస్ బేస్ గిటార్ మాట వస్తే ఎవరైనా ముందు ఎత్తుకునేది వెన్నకత్తి కథే. జాకో పాస్టోరియస్ అనే ఫ్లోరిడా కుర్రాడు రొట్టెకు వెన్న రాసుకునే కత్తి తీసుకుని తన ఫెండర్ బేస్ మెడ మీది ఫ్రెట్లన్నీ పీకేశాడట. అంతటితో బేస్ గిటార్ రాతే మారిపోయిందట. సికింద్రాబాద్‌లో గిటార్లు బాగుచేసే బల్ల ముందే నా బతుకు గడిచిపోయింది గనక, ఈ కథ వినడానికి నేను ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. అదే నడుచుకుంటూ వస్తుంది. చర్చిలో వాయించే కుర్రాళ్లు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల వాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ శనివారాలు బ్యాండు కట్టేవాళ్లు, అందరిదీ ఒకటే పాట: "అన్నా, జాకో పీకినట్టు పీకెయ్." పీకడం ఎంతసేపు, అరపూట పని. పీకాక కింద మిగిలే చెక్క సంగతేమిటని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే ఫ్రెట్‌లెస్ బేస్ చరిత్రలో సగానికి పైగా ఆ చెక్క దగ్గరే నడిచింది.

వీణ ఎరిగినవాళ్లకు ఫ్రెట్ కొత్తదేమీ కాదు, మన మెట్టే. కాకపోతే వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి. మైనం పాతబడితే తీసేసి కొత్తగా మెట్లు కడతారు, అది వీణతోపాటు వచ్చే ఖర్చే. గిటార్ ఫ్రెట్‌ను అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు టీ అక్షరం కనబడుతుంది. పైన గుండ్రటి తల, కింద సన్నటి కాలు, ఆ కాలికి రెండు పక్కలా చిన్న ముళ్లు. అరమిల్లీమీటరు పైచిలుకు వెడల్పున్న గాడిలో దాన్ని సుత్తితో కొట్టి దించుతారు. ముళ్లు చెక్కను కరిచి పట్టుకుంటాయి. మళ్లీ పైకి రావాలని ఎవరూ అనుకోకుండా దించిన వస్తువది.

మంద్రస్థాయి తంత్రీవాద్యానికి ఫ్రెట్లు ఉండాలా వద్దా అన్నది మాత్రం ఎప్పటి తగువో. 16, 17 శతాబ్దాల్లో యూరప్‌లో వయొల్ అనే కమాను వాద్యాలకు మెడ చుట్టూ పేగు తాడు కట్టి ఫ్రెట్లు చేసేవాళ్లు. ఆ కుటుంబంలోని పెద్ద వాద్యాలకూ అవే ఉండేవి. వయొలిన్ కుటుంబానిది పైచేయి అయ్యాక ఆ తాళ్లు పోయాయి. డబుల్ బేస్ మెడ మీద నున్నటి ఎబొనీ చెక్క పలకతో స్థిరపడింది. జాజ్ వాళ్ల చేతికి వచ్చేసరికి అది ఫ్రెట్ మొహం ఎరగదు.

చిక్కల్లా దాని ఆకారంతోనే. నిలబెడితే మనిషిని మించిన ఎత్తు. కారు మీద కట్టుకుని ఊరూరూ తిరగాలి. ట్రంపెట్లు, డ్రమ్ములు, ఆపైన కరెంటు గిటార్లు చేరాక ఆ గొంతు వెనక వరుసల దాకా వెళ్లడం మానేసింది. 1930లలోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన ఆడియోవాక్స్ పేరుతో, గిటార్‌లా అడ్డంగా పట్టుకునే ఫ్రెట్ల కరెంటు బేస్ చేసి అమ్మాడు. జనం పెద్దగా పట్టించుకోలేదు. నిలబడింది 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో లియో ఫెండర్ చేసిన బేస్. లియోకు గిటార్ వాయించడం రాదు. రేడియోలు బాగుచేసే కొట్టు నుంచి ఈ వ్యాపారంలోకి వచ్చినవాడు. (మా బోటి స్క్రూడ్రైవర్ గాళ్లకు ఆ సంగతి తలుచుకుంటే కాస్త ఛాతీ పొంగుతుంది.) ఫ్రెట్ వెనక వేలు కాస్త అటూ ఇటూ పడినా స్వరం కచ్చితంగా పలుకుతుంది కాబట్టి దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. ఫ్రెట్లు 20. గిటార్ వాయించేవాడు ఎవడైనా ఏళ్ల తరబడి చెవిని సాన పట్టకుండానే బేస్‌కు మారిపోవచ్చు. లయొనెల్ హాంప్టన్ బ్యాండులో మాంక్ మాంట్‌గమరీ లాంటివాళ్లు దాన్ని వేదికలెక్కించారు. పదేళ్లలో డబుల్ బేస్ పాప్ సంగీతంలోంచి దాదాపు తప్పుకుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బేస్‌కు ఫ్రెట్లు పెట్టడమే లియో చేసిన మార్పు. వాటిని పీకిన ప్రతివాడూ ఆ మార్పును వెనక్కి తిప్పుతున్నాడు. అయినా వెనక్కి తిప్పితే పాత డబుల్ బేస్ తిరిగి రాలేదు. ఎవరూ అనుకోని ఇంకేదో వచ్చింది.

జాకోకంటే చాలా ముందే ఆ పని చేసినవాడు లండన్ దక్షిణాన ఉండే బిల్ పెర్క్స్. బిల్ వైమన్ పేరుతో రోలింగ్ స్టోన్స్‌లో చేరకముందు మాట. 1961లో ఎనిమిది పౌన్లు పెట్టి డాలస్ టక్సీడో అనే నాసిరకం బేస్ కొన్నాడు. ఒళ్లు మరీ పెద్దగా ఉందని కోయించి చిన్నది చేశాడు. ఏ స్వరం మీటినా ఫ్రెట్లు గరగరమంటుంటే, కొత్తవి వేద్దామని పాతవి పీకాడు. పీకాక వాయించి చూస్తే ఆ నాదమే బాగుంది. కొత్త ఫ్రెట్లు పడనే లేదు. ఆ బేస్‌నే తర్వాత రోలింగ్ స్టోన్స్ రికార్డింగుల్లోకి తీసుకెళ్లాడు. చెక్క బాగోగులు చూసి, ఆలోచించి చేసిన పని కాదది, సగంలో ఆగిన రిపేరు. మా కొట్టు అటక మీద అలా సగంలో ఆగినవి ఇప్పటికీ కొన్ని ఉన్నాయి గానీ, వాటిలో ఏదీ చరిత్రకెక్కే సూచనలు లేవు.

ఫ్రెట్‌లెస్ బేస్‌ను మొట్టమొదట ఫ్యాక్టరీలో చేసి కొట్లకు పంపింది ఆంపెగ్ కంపెనీ, 1966లో. దాని యజమాని ఎవరెట్ హల్ స్వయంగా డబుల్ బేస్ వాయించేవాడు. ఆ వాద్యాన్ని నేలకు ఆనించే ఊచలోకి మైకు దూర్చి నాదాన్ని పెంచే ఉపాయం అతనిది. కంపెనీ పేరులోని పెగ్ ఆ ఊచే. హల్‌కు రాక్ సంగీతమంటే ఒళ్లుమంట. అందుకే అతని ఫ్రెట్‌లెస్ బేస్ డబుల్ బేస్ వాళ్లను బుజ్జగించడానికి చేసినట్టుంటుంది. తల దగ్గర వయొలిన్‌కు ఉండే చుట్ట, ఒంటికి ఈ పక్క నుంచి ఆ పక్కకు కనబడేలా ఎఫ్ ఆకారపు రంధ్రాలు. తీగ కంపనాన్ని పట్టే పికప్‌ను, తీగలు ఆనే బ్రిడ్జి కిందికి దాచి, ఇనుప తీగలే కాక పేగు తీగలు కూడా పనిచేసేలా చేశారు. అవి చాలా తక్కువ అమ్ముడయ్యాయి. 1970ల మొదట్లో ద బ్యాండ్ అనే బృందంలో రిక్ డాంకో ఆంపెగ్ ఫ్రెట్‌లెస్ పట్టుకున్నాడు. ఆ రికార్డుల్లో స్వరం తూలుతూ వచ్చి సమయానికి ఇల్లు చేరుకుంటుంది. నాకు ఆ తూలుడంటే మహా ఇష్టం. ఫెండర్ కంపెనీ కూడా 1970లో ఫ్రెట్లు లేని ప్రెసిషన్ బేస్‌ను అమ్మకానికి పెట్టింది. లియో అప్పటికి కంపెనీ అమ్ముకుని వెళ్లిపోయాడు. కచ్చితత్వం కోసం పుట్టిన బేస్‌ను ఫ్రెట్లు లేకుండా చూస్తే ఏమనేవాడో!

ఇంతవరకూ వచ్చిన ఫ్రెట్‌లెస్ నాదం మెత్తనిది, గుండ్రనిది. సంచిలో పట్టే డబుల్ బేస్ అనుకోండి. కారణం వెతకాలంటే మళ్లీ చెక్క దగ్గరికే వెళ్లాలి.

ఫ్రెట్ మీద తీగ ఆనితే దాని కంపనం లోహపు అంచు దగ్గర ఠక్కున ఆగుతుంది, అందుకే స్వరం స్పష్టంగా మొదలవుతుంది. ఫ్రెట్ లేకపోతే ఆ అంచు స్థానంలో ఉండేవి వేలి కండ, దాని కింద చెక్క. రెండూ మెత్తనివే. పైస్థాయి అనుస్వరాలను మింగేస్తాయి. కానీ ఇంకొకటి కూడా జరుగుతుంది. తీగ వేలి దగ్గర నుంచి చాలా తక్కువ వాలుతో పైకి లేస్తుంది కాబట్టి, కంపించేటప్పుడు వేలికి ముందున్న కాస్త జాగాలో చెక్కను ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడి నుంచి కొత్త అనుస్వరాలు పుడతాయి. అవి స్వరం మొదలైనప్పుడు కాక, కాస్త ఆగి పైకి తేలతాయి. పసిపిల్ల మూసిన పెదాలు విప్పి "మ్వా" అన్నట్టు వినబడుతుంది. బేస్ వాళ్లు కూడా దాన్ని మ్వా అనే అంటారు. అది గట్టిగా రావాలంటే పలక దర్పణంలా నున్నగా, తీగ వీలైనంత కిందికి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా పలక గట్టిగా ఉండాలి. తీగ గట్టిదై పలక మెత్తనిదైతే పలక ఓడిపోతుంది.

డబుల్ బేస్‌లో ఆ లెక్క సరిగ్గా ఉండేది. మెత్తటి పేగు తీగ, గట్టి ఎబొనీ. ఫెండర్ మెడ మీద అది తిరగబడింది. రోజ్‌వుడ్ పలక, దాని మీద ఇనుప తీగ. మొదట్లో ఆ తీగలకు పైన చదును రేకు చుట్టేవారు కాబట్టి గొడవ రాలేదు. 1966లో ఇంగ్లండ్‌లో రోటోసౌండ్ కంపెనీ జేమ్స్ హౌ, ద హూ బృందపు బేసిస్టు జాన్ ఎంట్‌విసిల్‌తో కలిసి గుండ్రటి తీగ చుట్టిన బేస్ తీగలను తయారుచేశాడు. పియానోలా గణగణలాడే నాదం. వేలితో తడిమితే గరగరలాడే అంచులు. ఫ్రెట్లున్న బేస్ మీద వాటితో పేచీ లేదు. వాటినే ఫ్రెట్లు లేని రోజ్‌వుడ్ మీద బిగించి నాలుగు నెలలు వేలు అటూ ఇటూ జారిస్తే ఏమవుతుందో నా బల్ల మీదికి వచ్చే మెడలు చూస్తే తెలుస్తుంది. ప్రతి తీగ కిందా ఒక కాలువ, ఎక్కువగా వాయించే చోట్ల గుంటలు. అక్కడ మ్వా పోయి బుర్రుమనే రొద మిగులుతుంది.

ఇప్పుడు జాకో దగ్గరికి వెళ్దాం. 1951 డిసెంబర్ 1న పెన్సిల్వేనియాలో పుట్టాడు. ఫెండర్ బేస్‌దీ ఆ ఏడే. చిన్నప్పుడే కుటుంబం ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌కు మారింది. తండ్రి డ్రమ్మర్, పాటగాడు. కొడుకూ డ్రమ్ములతోనే మొదలెట్టాడు గానీ, ఫుట్‌బాల్ ఆడుతూ మణికట్టు విరగ్గొట్టుకుని బేస్‌కు వచ్చాడు. జాజ్ వాయించాలన్న తపనతో డబ్బు కూడబెట్టి డబుల్ బేస్ కొన్నాడు. సముద్రపు గాలికి అది తట్టుకోలేదు. ఒకరోజు లేచి చూస్తే పగిలి ముక్కలై ఉందని తానే చెప్పుకున్నాడు. ఫ్లోరిడా తేమ సంగతి నాకు తెలియదు గానీ, విశాఖ నుంచి వచ్చే మెడలు చూశాను. ఆ మాట నమ్మడానికి నాకు అవే చాలు.

ఇక మిగిలింది 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్. దాని ఫ్రెట్ల కథ జాకో ఒక్కోచోట ఒక్కోలా చెప్పాడు. ఒకసారి వెన్నకత్తితో తానే పీకానన్నాడు, ఇంకోసారి తాను కొనేసరికే ఎవరో పీకి పాడుచేశారన్నాడు. ఏది నిజమైనా ఆ పలక దెబ్బతిన్న పలకే. కత్తితో పీకితే ముళ్లు పైకి వస్తూ వస్తూ రోజ్‌వుడ్ పెచ్చులు లేపుకుపోతాయి. గాళ్లలో చెక్క గుజ్జు కూరాడు. తర్వాత, వెన్నకత్తి భక్తులు ఒక్క ముక్కలో దాటేసే పని చేశాడు. పడవలకు పూసే ఎపాక్సీ తెచ్చి పలక మీద పొర మీద పొర వేశాడు. ఫోర్ట్ లాడర్‌డేల్ అంటే కాలవల ఊరు, ఎటు చూసినా పడవలే. అక్కడ ఆ డబ్బా దొరకడంలో వింతేమీ లేదు. పెటిట్ అనే రంగుల కంపెనీ వాళ్ల పాలీ-పాక్సీ అది.

ఉప్పునీళ్లను కాచుకునే ఆ పూత ఆరితే గాజులా గట్టిపడుతుంది. పెచ్చులు, గుంటలు, గాళ్లు అన్నీ దాని కిందికి పోయాయి. ఇప్పుడు గరుకు రోటోసౌండ్ తీగలు బిగించినా పలక ఓడదు. తీగ ఒరిపిడి మెత్తటి చెక్కలో ఇంకిపోకుండా తిరిగి తీగలోకే వస్తుంది. స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది, నిలిచినంతసేపూ రంగు మారుతుంటుంది. 1976లో వచ్చిన అతని మొదటి ఆల్బమ్‌లో కంటిన్యువమ్ అనే రచన వింటే ఇదంతా తేటగా వినబడుతుంది. డబుల్ బేస్‌కు అంతసేపు నిలిచే ఊపిరి లేదు, ఫ్రెట్ల బేస్‌కు అలా జారే వీలు లేదు. వెదర్ రిపోర్ట్ బృందం పెద్ద జో జావినుల్ అతని టేపు విని, ఇంతకీ నువ్వు ఎలక్ట్రిక్ బేస్ కూడా వాయిస్తావా అని అడిగాడని చెబుతారు. తాను విన్నదే అదని ఆయనకు తోచలేదన్నమాట. ఆ ఏడాదే జాకో ఆ బృందంలో చేరాడు. 1977లో హెవీ వెదర్ ఆల్బమ్ వచ్చాక బేస్ వాయించే ప్రతివాడికీ తన ఫ్రెట్లు అడ్డుగా కనబడసాగాయి.

గట్టి పలక కిటుకు మన దేశం అప్పటికి నూరేళ్ల ముందే ఎరుగును. అఫ్గాన్ రబాబ్‌కు చెక్క పలక, పేగు తీగలు. దాన్నుంచి సరోద్‌ను మలిచిన ఉస్తాదులు 19వ శతాబ్దంలో పలక మీద ఇనుప రేకు పరిచారు, పేగు తీసేసి లోహపు తీగలు కట్టారు. మెట్లు లేవు, జారుడు ఉంది, పైగా నాదం నిలుస్తుంది. లక్నోలోనూ ఫోర్ట్ లాడర్‌డేల్‌లోనూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పడ్డ అవస్థ ఒకటే, దొరికిన మందూ ఒకటే. వీణ వాళ్లకు ఈ అవసరం రాలేదు. తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో వీణకు 24 మెట్లు స్థిరపడ్డాయని చెబుతారు. తెలుగులో కావ్యాలు రాసిన రాజే ఆయన. ఆ మెట్ల మీదే తీగను పక్కకు లాగి ఎంత గమకమైనా పలికిస్తారు. బేస్ తీగతో ఆ పని జరగదు. ఒక్కో తీగ బిగువు 18 కిలోల చిల్లర, మందం చిటికెనవేలికి నొప్పి పుట్టించేంత. లాగితే ఒక స్వరం దాటడమే గొప్ప. కాబట్టి బేస్‌లో గమకం కావాలంటే మెట్లు దిగాల్సిందే. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేసే ఇళ్లలో, మైనం మీద మెట్టు కూర్చోబెట్టి, వాయించి, మళ్లీ వెంట్రుకవాసి జరిపే పని చూశాక నాకు గిటార్ ఫ్రెట్ మీద గౌరవం కొంచెం తగ్గింది. ఒక్కసారి గాడి కోస్తే ఇక జరపలేని మెట్టు అది.

ఇక నా బల్ల సంగతి. మొన్నామధ్య ఒక కుర్రాడు దేశవాళీ తయారీ జాజ్ బేస్ తెచ్చాడు. వెన్నకత్తి ప్రయోగం ఇంట్లో మొదలెట్టి, మూడో ఫ్రెట్ దగ్గర పెచ్చు లేచేసరికి భయపడి వచ్చాడు.

"అన్నా, ఇది అతుకుతుందా?"

"పెచ్చు తెచ్చావా?"

జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. బుద్ధిమంతుడు, పారేయలేదు.

సాల్డరింగ్ ఐరన్ మొనను ఫ్రెట్ తల మీద ఆనించి కాసేపు ఉంచితే కింద జిగురు మెత్తబడుతుంది, చెక్కలోని కాస్త తడి ఆవిరై ముళ్లను వదులు చేస్తుంది. ముఖం చదునుగా అరగదీసిన కటింగ్ ప్లయర్‌ను ఒక చివర ఫ్రెట్ కిందికి దూర్చి, లాగకుండా మెల్లగా నొక్కుతూ పోవాలి. నొక్కినకొద్దీ ఫ్రెట్ తనంతట తానే లేస్తుంది. పైకి గుంజావా, పెచ్చు లేస్తుంది. చెయ్యి దురద పెట్టినా తొందరపడకూడని పని ఇదొక్కటే. మిగిలినవాటికి కాస్త తొందర చెల్లుతుంది.

ఖాళీ గాళ్లను అలా వదిలేయడానికి లేదు. ఫ్రెట్ కాళ్లు ఇన్నాళ్లూ మేకుల్లా దిగి పలకను బిగించి ఉంచాయి. అవి పోతే నాలుగు తీగల బిగువుకు గాళ్లు మూసుకుపోతూ మెడ ముందుకు వంగుతుంది. అందుకే గాడికి సరిపోయే చెక్క పట్టీలు కోసి, పలచటి ఫెవిక్విక్ లాంటి జిగురుతో దించాలి. తెల్లటి మేపుల్ పట్టీ వేస్తే ఫ్రెట్ల స్థానంలో గీతలు కనబడతాయి. రోజ్‌వుడ్ పట్టీ వేస్తే ఏమీ కనబడదు. ఇక్కడో పనికిమాలిన పౌరుషం ఉంది. గీతలుంటే చూసి వాయిస్తారట, లేకపోతే విని వాయిస్తారట, గీతలు పెట్టుకున్నవాడు మగాడు కాదట. జాకో బేస్ మీద గీతలు ఉన్నాయి, ఫొటోలు చూడండి. ఈ పొడవు బేస్‌లో మొదటి ఫ్రెట్ ఉండాల్సిన చోటు మెడ పైచివర తీగలు ఆనే నట్ నుంచి 48.5 మిల్లీమీటర్లు. పదకొండో ఫ్రెట్‌కూ పన్నెండో ఫ్రెట్‌కూ మధ్య దూరం 26 కంటే తక్కువ. కింద రెండు మిల్లీమీటర్ల తప్పును చెవి క్షమిస్తుంది, పైన అదే తప్పు పక్కవాళ్లు తలతిప్పి చూసేలా చేస్తుంది. గీత చూసుకుంటే వచ్చే నష్టం ఏమిటో నాకు అర్థం కాదు.

తర్వాత పలకను సమం చేయడం. పలక అడ్డంగా గుండ్రం తిరిగి ఉంటుంది. ఆ వంపుకు సరిపోయే చెక్కదిమ్మకు ఎమరీ కాగితం అతికించి, మెడ పొడవునా ఒకే ఒత్తిడితో తోయాలి. ఆపైన నట్ గాళ్లను లోతు చేయాలి. ఫ్రెట్ల ఎత్తు పోయింది కాబట్టి తీగలు ఒక మిల్లీమీటరుకు పైగా అనవసరంగా లేచి ఉంటాయి. నట్ దగ్గర తీగ కింద ఒక విజిటింగ్ కార్డు దూరితే చాలు. ఇది చేయకుండా మ్వా రావడం లేదని ఏడ్చేవాళ్లను చాలామందిని చూశాను.

మెడ పక్కన ఉండే చుక్కల పేచీ ఇంకొకటి. ఫ్రెట్ల బేస్‌కు చుక్క రెండు ఫ్రెట్ల మధ్య ఉంటుంది, ఎందుకంటే వేలు నొక్కేది అక్కడే. ఫ్రెట్ పీకాక స్వరం పుట్టే చోటు ఫ్రెట్ ఉన్న గీత మీదికి మారిపోతుంది. చుక్క మాత్రం పాతచోటే ఉండి తప్పు దారి చూపిస్తుంది. నేను పాత చుక్కలు పూడ్చి, గీతకు ఎదురుగా కొత్తవి వేస్తాను. కుర్రాడు దానికి వేరే డబ్బులా అని బేరమాడాడు.

పూత దగ్గరికి వచ్చేసరికి మా ఊరి వాతావరణం అడ్డుపడుతుంది. ఈమధ్య బల్లల మీద పోసే తేటైన ఎపాక్సీ హైదరాబాద్‌లో ఎక్కడైనా దొరుకుతోంది, పడవల కంపెనీని వెతకనక్కర్లేదు. అయితే వానాకాలం తేమలో పోస్తే ఆరే పొర మీద తెల్లటి మసక, జిడ్డు కడతాయి. రెండు భాగాల పాళ్లు కాస్త తప్పినా ఎన్నాళ్లకూ గోరు దిగేంత మెత్తగానే ఉండిపోతుంది. పోసిన వెంటనే బుడగలను వేడిగాలితో పగలగొట్టాలి. వీటన్నిటినీ దాటి ఆరాక మళ్లీ దిమ్మతో సమం చేసి, గరుకు తగ్గిస్తూ తగ్గిస్తూ మెరుగు పెట్టాలి. జాజ్ నాదం, గరుకు తీగలు కావాలన్నవాడికి ఈ కష్టం తప్పదు. మెత్తటి పాతకాలపు నాదం, చదును తీగలు చాలన్నవాడికి ఊరికే నూనె రాసి ఇస్తాను, అదే అందం.

జాకో నీడ పడని ఫ్రెట్‌లెస్ వాళ్లూ ఉన్నారు. కార్డిఫ్‌కు చెందిన పినో పలాడినో 1983లో పాల్ యంగ్ పాటలో వాయించిన బేస్ ఫ్యాక్టరీ నుంచే ఫ్రెట్లు లేకుండా వచ్చిన మ్యూజిక్ మ్యాన్. అందులో బేసే ముందుకొచ్చి పాట మొదలెడుతుంది. 1986లో పాల్ సైమన్ గ్రేస్‌ల్యాండ్ ఆల్బమ్‌లో సోవెటో మనిషి బకితి కుమలో వాయించిన చిన్న తుళ్లింత ఇప్పటికీ నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందుగా ప్రయత్నించేది. అందులో రెండో సగం మనిషి వాయించింది కాదు, మొదటి సగం టేపును వెనక్కి తిప్పి అతికించారు. ఆ సంగతి చెప్తే కుర్రాళ్ల మొహాలు వాడిపోతాయి. బేస్ అనేదొకటి పాటలో ఉంటుందని మనవాళ్ల చెవికెక్కించింది మాత్రం ఇళయరాజానే. నా దగ్గరికి ఫ్రెట్లు పీకించుకోవడానికి వచ్చేవాళ్లలో కూడా సగం మంది వాయించి చూపించేవి ఆయన పాటలే.

జాకో బేస్ గతి అతని గతిలాగే తయారైంది. చివరి ఏళ్లలో మానసిక రుగ్మత, తాగుడు, వీధుల్లో పడుకోవడం. ముక్కలైన బేస్‌ను ఒకసారి ఫ్లోరిడాలో రిపేరు పనివాళ్లు అతికించి నిలబెట్టారు. 1986లో న్యూయార్క్‌లోని ఒక పార్కు దగ్గర ఎవరో దాన్ని ఎత్తుకుపోయారు. 1987 సెప్టెంబర్‌లో ఒక క్లబ్బు బయట తిన్న దెబ్బలకు జాకో 35 ఏళ్లకే పోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత బేస్ న్యూయార్క్‌లోనే ఒక కొట్టులో తేలింది. అది ఎవరికి చెందాలన్న తగాదా తీరడానికి మెటాలికా బేసిస్టు రాబర్ట్ ట్రుహీయో డబ్బు సాయం చేశాడు. ఈలోగా ఫెండర్ కంపెనీ జాకో పేరుతోనే ఎపాక్సీ పూసిన ఫ్రెట్‌లెస్ జాజ్ బేస్ అమ్మడం మొదలెట్టింది. గుంటలు కప్పడానికి వాడిన పూత కేటలాగులో విశేష లక్షణమైంది.

ఒక్కోసారి ఏడాది తిరక్కుండానే అదే కుర్రాడు అదే బేస్ పట్టుకుని వస్తాడు, మళ్లీ ఫ్రెట్లు వేయమంటూ. నూనె రాసిన పలకైతే పాత గీతల మీదే రంపం పెట్టి గాళ్లు తెరవచ్చు. ఎపాక్సీ పోసిందైతే ముందు ఆ గాజు పొరంతా అరగదీయాలి, రంపం పళ్లు మూసుకుపోతాయి, ఖర్చు కొత్త మెడకు దగ్గరగా వస్తుంది. అందుకే ఇప్పుడు పీకే ముందే చెప్తున్నాను. లియో ఫెండర్ మెడను ఒంటికి జిగురుతో అతికించలేదు, నాలుగు మరలతో బిగించాడు. ఇంకో మెడ కొనుక్కో, అది ఫ్రెట్‌లెస్ చేసి ఇస్తాను, ఏది కావాలంటే అది బిగించుకో అని. పదిమందిలో ఇద్దరు వింటారు. మిగతావాళ్లు ఉన్న మెడనే బల్ల మీద పెట్టి, ఎపాక్సీయే కావాలని చెప్పి, అడ్వాన్సు ఇచ్చి వెళతారు.